లైన్‌లోనే ఉండండి

ఆ గురువారం మంచు ఆగలేదు.
ఫైర్ స్టేషన్ మేడ మీది గదిలో
పదకొండు మంది డాక్టర్లు, తొమ్మిది కుర్చీలు.
ఇద్దరు కిటికీ గట్టెక్కి కూర్చున్నారు,
బూట్ల నుంచి నీళ్ళు కారి నేల మడుగవుతుంటే.

నేను డాక్టర్ని కాను.
ఒడీల్ థిబోడో క్లినిక్‌లో బిల్లులు రాస్తాను.
చేతిరాత బాగుంటుందని
ఎవరేమన్నారో రాసే పని నాకు పడింది.

బల్ల మధ్యలో ఫోను.
స్పీకర్లో పియానో ముక్క ఒకటి
గానుగెద్దులా తిరిగిన చోటే తిరుగుతోంది.
లాబ్‌స్టర్లు పట్టే ఆల్డెన్ బీల్‌కి
వేళ్ళు ముడుచుకుపోయాయి, తాడు లాగలేడు.
అతని కీళ్ళ మందుకి
ఇన్సూరెన్స్ వాళ్ళు ఊఁ అనాలి.
నాలుగున్నరకి చేశాం. పెట్టేస్తే కథ మళ్ళీ మొదటికి.
అందుకే ఒడీల్ ఆ సంగీతాన్ని
పాలు నిండిన గిన్నెలా
తొణక్కుండా మెట్లెక్కించి తెచ్చింది.

జనవరి నుంచి
స్కాన్‌కి ముందొక కాగితం,
ఆ కాగితానికి ముందింకో కాగితం.
విజిట్‌కి ఇచ్చేదాంట్లో కోత.
అడిగితే, పాలసీ మారిందండీ అంటారు
గాలి మళ్ళిందన్నంత తేలిగ్గా.

ఎముకల డాక్టరు వార్డ్‌వెల్ బల్ల గుద్దాడు:
"అందరం ఒకేరోజు కాంట్రాక్టు వదిలేద్దాం.
కాళ్ళబేరానికొస్తారు."
ఫోను ఎగిరిపడింది. పియానో ఆగలేదు.

"లాయర్ని అడిగాను," అంది పిల్లల డాక్టరు హిబాక్ వర్సమే.
"విడివిడి దుకాణాలవాళ్ళం కలిసి అలా చేస్తే నేరమట.
విడివిడిగా మూతబడితే మాత్రం
చట్టానికేం అభ్యంతరం లేదట."
ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

డెబ్భై ఆరేళ్ళ టోబియాస్ ఈటన్
కోటు విప్పనేలేదు.
"నేరం కాకపోయినా నేను సంతకం పెట్టను.
మా దీవిలో ఆ కార్డున్నవాళ్ళు నూట నలభై మంది.
నేను వదిలితే వాళ్ళకి పడవే డాక్టరు."

దానికి వార్డ్‌వెల్ ఒక మాటన్నాడు.
అది నేను రాయలేదు.
అతనూ కాసేపటికి వచ్చి
రాయలేదు కదా అని చూసుకున్నాడు.

తర్వాత చాలాసేపు ఏమీ తేలలేదు.
రేడియేటర్ టకటకలాడింది.
పిల్లి మెడలో గంట సంగతి దేవుడెరుగు,
పిల్లి ఏ ఊళ్ళో ఉంటుందో కూడా
ఆ గదిలో ఎవరికీ తెలియదు.

చివరికి తేలింది చిన్న సంగతే.
తలా ఒక నోటుబుక్కు.
ఎంతసేపు లైన్‌లో నిలబెట్టారు,
ఏ మందు కాదన్నారు,
ఆ తర్వాత ఆ మనిషికి ఏమైంది.
పేర్లు వద్దు, తేదీలు కావాలి.
మార్చిలో ఆగస్టాలో విచారణ ఉంది,
పుస్తకాలన్నీ అక్కడికి మోసుకెళ్దాం.
వ్యాను వార్డ్‌వెల్‌ది.
ఆ రోజు మన రోగులందర్నీ ఎవరు చూస్తారు?
టోబియాస్ చెయ్యెత్తాడు,
అప్పటికి గాని కోటు విప్పలేదు.

అప్పుడు పియానో తెగిపోయింది.
"రోగి పుట్టిన తేదీ?"
ఒక ఆడగొంతు, పొద్దుటి నుంచి అరిగిపోయిన గొంతు.
పదకొండు మందీ ఊపిరి బిగబట్టారు,
గుండె చప్పుడు దొరికిన క్షణంలో బిగబట్టినట్టు.

ఒడీల్ తేదీ చెప్పింది. నంబరు చెప్పింది.
ఆల్డెన్ వేళ్ళు ఎంతవరకు ముడుచుకున్నాయో
తన వేళ్ళు ముడిచి చూపిస్తూ చెప్పింది,
అటువైపు కనపడదని మరిచిపోయి.

"లైన్‌లో మీరొక్కరేనా?"
ఒడీల్ చుట్టూ చూసింది.
"కాదు."
కీబోర్డు చప్పుడు ఆగింది.
"ఎంతమందో చెప్పండి మేడమ్,
ఇక్కడ గడి ఖాళీగా ఉంటే ముందుకెళ్ళనివ్వదు."
"పదకొండు," అంది ఒడీల్.
టోబియాస్ నా వైపు గడ్డం ఊపాడు.
"పన్నెండు."

మందు సంగతి
పది పనిదినాల్లో తెలియజేస్తారట.

ఆరూ పన్నెండుకి ఫోను పెట్టేశాం.
కొత్త నోటుబుక్కు తెరిచి
మొదటి గీత మీద రాశాను:
గంటా నలభై రెండు నిమిషాలు.
సిరా ఆరేదాకా
ఎవరూ కోట్లు తొడుక్కోలేదు.